ఎట్టి నేలనైనను పోవు బండికి ఎట్టి పెట్రోలు?

పెట్రోలు బంకులో బండి నిలుపగనే అచటి పనివాడు అడుగు మొదటి ప్రశ్న, "సాదాదా, ప్రీమియమా?" అనునది. ఈ ప్రశ్నకు మనలో పెక్కుమంది జేబు తడవుకొని బదులు చెప్పుదురు. చేతిలో డబ్బు ఆడుచున్న దినమున ప్రీమియము, ఆడని దినమున సాదా. ఇంటికి క్రొత్తగా బండి వచ్చినపుడు మాత్రము చాలమంది ఖరీదైనదానినే పోయింతురు. చంటిబిడ్డకు చిక్కనిపాలు పట్టినట్లు అది బండికి బలము చేకూర్చునని నమ్మకము. ఇంజను నిజముగా ఏమి కోరుచున్నదో విచారించువారు అరుదు. ఆ విచారణకే ఈ ప్రసంగము.

ఉదాహరణమునకు ఒక ప్రత్యేకమైన బండిని తీసికొందము. దానిని ఇంగ్లీషులో 'ఆల్ టెరైన్ వెహికిల్' అనియు, పొడి అక్షరములలో ఎ.టి.వి. అనియు పిలుతురు. ఎట్టి నేలనైనను పోగల బండి అని అర్థము. గాలి తక్కువగా నింపిన లావైన నాలుగు టైర్లు, మోటారు సైకిలుకు వలె హ్యాండిలు, చెరియొక వైపున కాలు వేసి కూర్చుండు సీటు దీని ఆకారము. 1970లో హోండా కంపెనీ అమెరికాలో విడుదల చేసిన మూడు చక్రముల యు.ఎస్.90 అను బండి ఈ కుటుంబమునకు పెద్దలలో నొకటి. తరువాత నాలుగు చక్రములవి వచ్చి స్థిరపడినవి. అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో రైతులు గొడ్లను తోలుటకును, మేత మోయుటకును వీనిని వాడుదురు. మన సైన్యము మంచుకొండలలోను ఎడారిలోను వాడుచున్నది. మనవైపు వినోదస్థలములలో పిల్లలును పెద్దలును ఎక్కి తిరుగు 'క్వాడ్ బైకు' ఇదియే. 2007 నుండి మనదేశమున 'బాజా' అను పేర ఇంజనీరింగు విద్యార్థులకు జరుగుచున్న పోటీలో, విద్యార్థులు స్వయముగా నిర్మించి తెచ్చు బండియు ఈ జాతిదే. తెలుగునాటి కళాశాలల బృందములును ఆ పోటీకి పోవుచున్నవి.

ఈ బండినే ఎంచుకొనుటకు ఒక కారణము కలదు. నున్నని రోడ్డుమీద పరుగెత్తు కారుకు ముందునుండి గాలి తగిలి ఇంజనును చల్లార్చుచుండును. ఎ.టి.వి. అట్లు కాదు. బరువు మోయుచు, ఇసుకలో దిగబడుచు, ఏటవాలు గుట్టను నత్తనడకన ఎక్కుచుండును. వేగము తక్కువ, శ్రమ ఎక్కువ, తగులు గాలి స్వల్పము. పెట్రోలు గుణదోషములు ఇట్టి చోటనే బయటపడును.

ముందుగా ఇంజనులో జరుగునదేమో చూతము. సిలిండరు అను గొట్టములోనికి గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి వచ్చును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును అదిమిపెట్టును. అదుముటచే అది వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టినవారికి పంపు అడుగుభాగము వేడెక్కుట తెలిసిన విషయమే. ఆ తరుణమున స్పార్కు ప్లగ్గు వద్ద రవ్వ రాలును. కోసిన చేనిలో ఒక గట్టువద్ద నిప్పు పెట్టినచో మంట వరుసగా ఆవలిగట్టుకు ప్రాకినట్లు, ఈ మంటయు ప్లగ్గునుండి బయలుదేరి ఆవలి గోడకు ప్రాకవలెను. అట్లు ప్రాకినపుడు పిస్టను మీద ఒత్తిడి క్రమముగా పెరిగి దానిని క్రిందికి నెట్టును. ఆ నెట్టుటయే మనకు నడక.

కాని మంట ప్రాకుచుండగా ఇంకను అంటుకొనని మూల ఒకటి మిగిలియుండును. కాలిన భాగము ఉబ్బి ఆ మూలను మరింత అదుమును, మరింత వేడెక్కించును. పెట్రోలు ఓర్పు గలదైనచో మంట వచ్చి అంటుకొనువరకు ఆగును. ఓర్పు లేనిదైనచో మంట రాకముందే ఆ మూల అంతయు ఒక్కసారిగా తనంతట తానే భగ్గుమనును. అపుడు పుట్టు ఒత్తిడి అలలు సిలిండరు గోడలను సుత్తితో కొట్టినట్లు కొట్టును. బయటికి ఆ చప్పుడు ఇత్తడి చెంబులో గులకరాళ్ళు వేసి ఆడించినట్లు వినవచ్చును. మెకానిక్కులు దీనిని 'నాకింగ్' అందురు. ఎప్పుడో ఒకసారి లీలగా వినబడి ఆగిపోయినచో ప్రమాదము లేదు. గంటలతరబడి సాగినచో పిస్టను తలకాయ గుంటలు పడును, రింగులు విరుగును, తలను మూయు గ్యాస్కెట్టు కాలిపోవును. ఊరికి దూరముగా గుట్టల నడుమ ఇంజను చచ్చినచో బండిని నడిపించుకొని వచ్చుట సాధ్యము కాదు. ఈ బండ్లు పెక్కు రెండు, మూడు క్వింటాళ్ళు తూగును.

తనంతట తాను అంటుకొనక ఆగగల ఈ ఓర్పును కొలుచు సంఖ్యయే ఆక్టేన్ సంఖ్య. 1926లో గ్రేయమ్ ఎడ్గార్ అను అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు ఇందుకు రెండు ద్రవములను కొలబద్దగా ఎంచెను. ఒకటి హెప్టేన్. ఇది క్షణమైనను ఓర్వదు. దీనికి సున్న మార్కు. రెండవది ఐసో ఆక్టేన్. దీనికి ఓర్పు మెండు. దీనికి నూరు మార్కులు. ఈ రెంటిని ఏ పాళ్ళలో కలిపినచో మన చేతిలోని పెట్రోలుతో సమానముగా నాకింగ్ కలుగునో చూచి, ఆ మిశ్రమములో ఐసో ఆక్టేన్ నూటికి ఎన్ని పాళ్ళో అదియే ఆ పెట్రోలు సంఖ్యగా నిర్ణయింతురు. 91 ఆక్టేన్ పెట్రోలనగా అందు 91 పాళ్ళు ఆక్టేన్ ఉన్నదని కాదు. 91 పాళ్ళు గల మిశ్రమమువలె ప్రవర్తించునని మాత్రమే అర్థము.

ఇచట ఒక చిక్కు కలదు. ఈ పరీక్షను రెండు విధముల చేయుదురు. పరీక్షా యంత్రమును నిమిషమునకు 600 చుట్లు తిప్పి చేయునది 'రీసెర్చి' పద్ధతి. 900 చుట్లు తిప్పి, మిశ్రమమును ముందే బాగుగా వేడిచేసి, కఠినముగా పరీక్షించునది 'మోటారు' పద్ధతి. ఒకే పెట్రోలుకు మొదటి పద్ధతిలో ఎక్కువ, రెండవ పద్ధతిలో తక్కువ మార్కులు వచ్చును. మనదేశమునను, ఐరోపాలోను బంకులలో చెప్పునది మొదటి సంఖ్య. అమెరికాలోను కెనడాలోను రెంటిని కూడి సగము చేసి వ్రాయుదురు. ఒక పెట్రోలుకు రీసెర్చి సంఖ్య 91, మోటారు సంఖ్య 83 అనుకొనుడు. కూడిన 174. సగము 87. అనగా మన 91, అమెరికావారి 87 ఇంచుమించు ఒకే సరకు.

ఇది తెలియకపోవుటచే డబ్బు వృథా చేయువారును, బండిని పాడుచేసికొనువారును కలరు. అమెరికా మార్కెట్టుకు వ్రాసిన బండి పుస్తకములో 'కనీసము 91' అని యుండును. అది అమెరికా లెక్క అయినచో మన లెక్కలో 95కు మించవలెను. ఆ యజమాని మన 91తో సరిపెట్టుకొన్నచో ఇంజను నలుగును. మరియొకని పుస్తకములో 87 అని యుండును. మన బంకులో 87 కనబడలేదని అతడు దిగులుపడనక్కరలేదు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ తన చిన్న ఇంజనుల పుస్తకములలో 87 అని వ్రాసి, ప్రక్కనే రీసెర్చి లెక్కలో 91 అని విడమరచి చెప్పుచున్నది. కావున సంఖ్యను చూచుట చాలదు, అది ఏ లెక్క సంఖ్యయో చూడవలెను. ఆర్.ఓ.ఎన్. అని యున్నచో మన లెక్క. ఎ.కె.ఐ. అనియో, ఆర్ ప్లస్ ఎమ్ బై టూ అనియో ఉన్నచో అమెరికా లెక్క.

ఇక ఆక్టేన్ ఎక్కువైనకొలది బలము ఎక్కువ అను నమ్మకము మాట. ఇది సరికాదు. ఆక్టేన్ ఓర్పునకు కొలత, సత్తువకు కాదు. దీనికి ఆల్కహాలు జాతిలోని ఇథనాలే సాక్షి. ఇథనాలు ఆక్టేన్ సంఖ్య నూటికి పైబడినది. అయినను లీటరు ఇథనాలు కాల్చినచో వచ్చు వేడిమి లీటరు పెట్రోలు వేడిమిలో మూడింట రెండు పాళ్ళు మాత్రమే. మార్కులలో మిన్న, సత్తువలో తక్కువ. అట్లయిన ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఎవరికి? ఎక్కువగా అదిమిపెట్టు ఇంజనుకు. పిస్టను అట్టడుగున ఉన్నపుడు సిలిండరులో గల చోటును, పైకి వచ్చినపుడు మిగులు చోటుతో భాగించిన వచ్చునది అదుము నిష్పత్తి. కంప్రెషన్ రేషియో అనుట వాడుక. ఈ నిష్పత్తి పెరిగినచో అదే పెట్రోలునుండి ఎక్కువ పని రాబట్టవచ్చును. కాని ఎక్కువగా అదిమినపుడు ఎక్కువగా వేడెక్కును గనుక, ఎక్కువ ఓర్పు గల పెట్రోలు కావలెను. లాభము తెచ్చునది ఇంజను నిర్మాణము. ఆ లాభమునకు అడ్డు రాకుండుట పెట్రోలు పని.

బాజా పోటీలో విద్యార్థులు పెక్కేండ్లు వాడిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 10 గుర్రముల ఇంజను అదుము నిష్పత్తి సుమారు 8. దానికి 91 చాలును. అందులో 100 ఆక్టేన్ పోసినచో పరుగు పెరుగదు, ఖర్చు పెరుగును. యమహా వారి వై.ఎఫ్.జెడ్.450 ఆర్. అను పందెపు బండి నిష్పత్తి 11కు మించినది. దానికి మేలురకమే వాడవలెనని తయారుచేసినవారి ఆజ్ఞ. అందులో సాదా పోసినచో పొదుపు కాదు, పిస్టనుకు ఎసరు. ఇండియన్ ఆయిల్ సంస్థ 2020 డిసెంబరు 1న ఎక్స్.పి.100 అను 100 ఆక్టేన్ పెట్రోలును విడుదల చేసినది. అది అదుము నిష్పత్తి మిక్కిలి ఎక్కువగా గల ఇంజనులకు ఉద్దేశించినదే గాని, పొలమునకు ఎరువు మోయు బండికి కాదు.

ఒకే బండికి సైతము అవసరము ఎల్లవేళల ఒకటిగా ఉండదు. మే నెలలో రాయలసీమ ఎండకు ఇంజనులోనికి పోవు గాలియే వేడిగానుండును. నాకింగ్ ప్రవృత్తి హెచ్చును. రేడియేటరు రెక్కలలో బురద ఎండి పేరుకొన్నను, సిలిండరులో మసి పట్టినను ఇదే ఫలితము. ఎత్తైన చోట్లలో ఇందుకు విరుద్ధము. గాలి పలుచబడును గనుక సిలిండరు నిండుగా నిండదు, అదుము తగ్గును. 900 మీటర్ల ఎత్తున గల అరకులోయలో గాలి ఒత్తిడి సముద్రతీరముకన్న సుమారు నూటికి పదిపాళ్ళు తక్కువ. 3,500 మీటర్ల ఎత్తున గల లేహ్ పట్టణమున అది తీరములోని ఒత్తిడిలో సుమారు మూడింట రెండు పాళ్ళే. ఈ కారణముననే అమెరికాలోని రాకీ పర్వత రాష్ట్రములలో 85 ఆక్టేన్ పెట్రోలును సాదాగా అమ్ముచుందురు. కాని ఆ టాంకుతోనే కొండ దిగి మైదానమునకు వచ్చినచో అదే పెట్రోలు చాలకపోవును. కొత్త కారులలో నాకింగును పసిగట్టి, రవ్వ రాలు సమయమును వెనుకకు జరుపు సాధనము ఉండును. ఎ.టి.వి.లన్నింటను అది ఉండదు. అచట యజమాని చెవియే సాధనము.

నేడు మన బంకులలో వచ్చు పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. 2025 నాటికి నూటికి 20 పాళ్ళ స్థాయి చేరినది. దీనినే ఇ-20 అందురు. ఇథనాలు కలియుటచే ఆక్టేన్ పెరిగినది. కేంద్ర పెట్రోలియము మంత్రిత్వ శాఖ 2025 ఆగష్టులో ఇచ్చిన వివరణ ప్రకారము పూర్వపు 88, తరువాతి 91 స్థానమున ఈ మిశ్రమము 95కు చేరినది. నాకింగ్ భయము గలవారికి ఇది మేలే. కాని రెండు విషయములు గమనింపవలెను. మొదటిది, లీటరుకు వచ్చు వేడిమి వట్టి పెట్రోలుకన్న నూటికి ఆరేడు పాళ్ళు తగ్గును. రెండవది, విదేశములలో తయారైన ఎ.టి.వి.లలో పెక్కింటి పుస్తకములు 10 పాళ్ళకు మించి ఇథనాలు వలదని చెప్పుచున్నవి. ఇది ఆక్టేన్ తగాదా కాదు. రబ్బరు గొట్టముల, సీళ్ళ, కార్బురేటరు భాగముల తగాదా. మనదేశమున 2023 ఏప్రిలు నుండి తయారగు వాహనములలో ఇథనాలుకు తట్టుకొను భాగములు అమర్చుచున్నారు. అంతకు పూర్వపు బండియో, దిగుమతి బండియో గలవారు అమ్మినవారిని అడిగి, గొట్టములను సీళ్ళను మార్పించుకొనుట మంచిది.

ఎ.టి.వి. ప్రతిదినము నడచు బండి కాదు. పోటీ ముగిసిన పిదపనో, సెలవులు గడచిన పిదపనో నెలలకొద్ది షెడ్డులో పడియుండును. నిలువ పెట్రోలులో తేలికభాగము ఎగిరిపోయి, తక్కినది చిక్కబడి బంకవలె అడ్డుపడును. ఇథనాలు కలిసినదైనచో మరియొక ముప్పు కలదు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు హద్దు మీరినపుడు ఇథనాలు పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగునకు దిగును. అడుగున నీరుకలిసిన ఇథనాలు, పైన ఆక్టేన్ కోల్పోయిన పెట్రోలు మిగులును. బంకులో 95గా కొన్నది షెడ్డులో 95గా ఉండదు. కనుక బండిని నెలకు మించి నిలుపునపుడు టాంకును, కార్బురేటరును ఖాళీ చేసి పెట్టవలెను. తీసిన పెట్రోలును వెంటనే వేరొక బండిలో వాడుకొనవచ్చును. దానిని ఇంటిలో డబ్బాలలో దాచరాదు.

బంకులో కొన్నది సంఖ్యకు తగినదని నమ్ముట యెట్లు? కిరోసిను కలిపిన పెట్రోలులో ఆక్టేన్ దిగజారును, ఇంజను గణగణలాడును. కల్తీ చిల్లర మోసము మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ బంకుపై చర్య తీసికొన్న ఇండియన్ ఆయిల్ ఉద్యోగి షణ్ముగం మంజునాథ్ 2005 నవంబరు 19న ప్రాణములు కోల్పోయెను. మనము బంకులో అడుగదగిన చిన్న పరీక్షను అడుగక వచ్చుట అట్టివారి శ్రమను తేలిక చేసినట్లు. వడకట్టు కాగితముమీద ఒక చుక్క పెట్రోలు వేయింపుడు. రెండు నిమిషములలో ఆరిపోయి మరక లేకున్నచో సాధారణముగా మంచిది. మరక మిగిలినచో అనుమానింపవలసినదే. ఈ కాగితమును బంకులో అడిగి తీసికొను హక్కు ప్రతి కొనుగోలుదారునకు కలదు. సాంద్రతను కొలిచి, పలకమీద వ్రాసిన అంకెతో సరిచూపుమని కూడ అడుగవచ్చును. అయితే ఇవి కల్తీని పట్టు పరీక్షలే కాని, ఆక్టేన్ కొలుచునవి కావు.

ఆక్టేన్ పెంచుదుమని చెప్పి చిన్న సీసాలలో మందులు అమ్మువారు కలరు. వారి మాట వినునపుడు ఒక పాతకథను గుర్తుంచుకొనవలెను. 1921 డిసెంబరులో అమెరికాలో థామస్ మిడ్జ్లీ అను ఇంజనీరు సీసము గల టెట్రా ఇథైల్ లెడ్ అను ద్రవమును పెట్రోలులో చిటికెడు కలిపి నాకింగును మాన్పించెను. 1923లో అది అంగడికెక్కెను. ఇంజనులు హాయిగా నడచినవి. ఆ సీసము పొగతో వెలువడి వీధిలోని గాలిలో కలిసి, పసిపిల్లల మెదడునకు హాని చేయుచున్నదని లోకము మెల్లగా గ్రహించినది. మనదేశమంతట 2000 ఫిబ్రవరినుండి సీసము లేని పెట్రోలు వచ్చినది. ప్రపంచమున చివరిగా అల్జీరియాలో 2021 జూలైలో సీసపు పెట్రోలు అమ్మకము ఆగినది. ఒక చప్పుడు మాన్పుటకు లోకము చెల్లించిన వెల అది. కావున సీసామీది ప్రకటన చూచి దేనినైనను టాంకులో వంపరాదు. తయారుచేసినవారు పుస్తకములో అనుమతించినదైననే వాడవలెను.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి చేయవలసినది స్పష్టము. బండి పుస్తకమును తీసి కనీస ఆక్టేన్ ఎంతయో, అది ఏ లెక్కయో చూడుడు. పుస్తకము పోయినచో టాంకు మూతవద్దనో, సీటు క్రిందనో అతికించిన చీటీని వెదకుడు. అమెరికా లెక్క యైనచో నాలుగైదు కలిపి మన లెక్కకు తెచ్చుకొనుడు. ఆ సంఖ్యకు తగ్గని పెట్రోలులో చవుకైనది కొనుడు. తరువాత బరువుతో ఒక గుట్ట ఎక్కించి చెవి ఒగ్గి వినుడు. చెంబులో గులకరాళ్ళ చప్పుడు వినబడినచో ముందు గేరు తగ్గింపుడు, రేడియేటరు కడుగుడు, వేరొక బంకులో పెట్రోలు పోయింపుడు. అప్పటికిని మానకున్నచో ఒక మెట్టు పై రకము వాడి చూడుడు. దానితోను మానకున్న లోపము పెట్రోలులో లేదు. బండిని మెకానిక్కు వద్దకు తీసికొని పోవలెను. చప్పుడు లేకుండ సాఫీగా ఎక్కినచో మీ ఇంజను కోరినది దానికి దొరకినదని అర్థము. అంతకన్న ఖరీదైనది పోసినందువలన దానికి కలుగు ఉపకారమేమియు లేదు. మిగిలిన డబ్బుతో సకాలమున ఇంజను ఆయిలు మార్పించినచో, గాలివడపోతను శుభ్రము చేయించినచో బండి నాలుగేండ్లు ఎక్కువ నడచును.